స్టేజి మీద ఈల

డోరీన్ మోకాలు విరగ్గొట్టింది జూలియన్ ఫెన్‌విక్. చేత్తో కాదు, ఈలతో. సిరిల్ థ్వైట్ ఈ మాట నలభై అయిదేళ్లుగా చెబుతున్నాడు. ఇంగ్లండ్‌లోని హల్ రేవులో బీరు తాగే ప్రతివాడూ విన్నాడు.

థియేటర్‌లో ఎవరూ ఈల వేయకూడదు. పాతకాలంలో పైనుంచి తెరలు దించేవాళ్లంతా ఓడ దిగి వచ్చిన నావికులు. వాళ్లకి ఈలే సైగ, ఎవరు వేసినా తెర దిగిపోయేది. తర్వాత దీపాల సైగలొచ్చాయి, ఈల సంగతి ఉత్త మూఢనమ్మకంగా మిగిలింది. కానీ 1964లో, ‘రేవు పెళ్లికూతురు’ సంగీత నాటకం రిహార్సల్ జరుగుతున్న వారం, ఆ దీపాలు పాడయ్యాయి. స్టేజి మేనేజరు మళ్లీ ఈల అందుకున్నాడు.

“ఒక్క పొడుగు ఈల వినపడితే తెర దించు. నేను కాక ఇంకెవడైనా వేశాడో, వాడి పని పడతా.”

ఈల వినపడింది. పైన అటక మీద తెరలు దించే పనిలో ఉన్న సిరిల్ తాడు వదిలాడు. సముద్రం బొమ్మ తెర, అడుగున ఉన్న కొయ్య వాసంతో సహా వచ్చి డోరీన్ మోకాలి మీద పడింది. ఆమె ఆ నాటకంలో డాన్సర్. సిరిల్‌తో పెళ్లయి పదకొండు రోజులు.

ఈల తనది కాదన్నాడు మేనేజరు. డోరీన్ పక్కనే నిలబడ్డ హీరో జూలియన్‌ని అడిగారు. అతను తల దించుకున్నాడు. కాదనలేదు. అతని వేషం పోయింది. ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవకుండా సిరిల్ నోరు చూసుకుంది.

డోరీన్ ఇంకెప్పుడూ ఆడలేదు. చేతికర్ర పట్టుకునే బతుకంతా నడిచింది. సిరిల్ తిట్లు మొదలుపెట్టినప్పుడల్లా, “వదిలెయ్ సిరిల్. పాపం, ఆయన్నేం అనకు” అనేది. అంత మంచి మనిషి. జూలియన్ ప్రతి క్రిస్మస్‌కీ ఆమెకి కార్డు పంపేవాడు. సిరిల్ దాన్ని పొయ్యిలో పడేసేవాడు.

మూడేళ్ల కిందట డోరీన్ పోయింది. ఇంట్లో సిరిల్, బెస్ అనే ముసలి కుక్క మిగిలారు. బెస్ ఏనాడూ సిరిల్ మాట విని ఎరగదు. డోరీన్ వంటింటి గుమ్మంలోంచి టీకి పిలిస్తేనే లేచేది. ఇప్పుడు ఎక్కడ పడేస్తే అక్కడే పడుకుంటుంది.

ఇప్పుడు టీవీ వాళ్లు ఆ నాటకాన్ని మళ్లీ తీస్తున్నారు. అదే థియేటర్, అదే స్టేజి. ముసలి రేవు అధికారి వేషానికి, రెండు ముక్కలు మాట్లాడే దానికి, జూలియన్‌ని వెతికి తెచ్చారు. తెరల గురించి సలహా చెప్పమని సిరిల్‌ని పిలిచారు. తెరలన్నీ ఇప్పుడు మోటార్లే దించుతున్నాయి. సలహా ఎవరూ అడగలేదు. కుర్చీ కింద బెస్‌ని పడుకోబెట్టుకుని కూర్చుంటే, టీ మాత్రం బాగానే ఇస్తున్నారు.

నాలుగో రోజు నిర్మాత ఇమొజెన్ నోట విన్నాడు. అటక మీద పాత టేపులు దొరికాయట. ఆనాటి రిహార్సల్‌ని ఎలక్ట్రీషియన్ ఎవరో రికార్డు చేశాడట.

“రెండో రీలు మాత్రం వాడొద్దని జూలియన్ బతిమాలాడు, సిరిల్. ఎందుకో చెప్పడు. పెద్దాయన కదా, బీరువాలో పెట్టి తాళం వేశాను.”

ఆ బీరువా తాళం యాభై ఏళ్లుగా మారలేదు. ఉద్యోగం ఊడిన రోజు సిరిల్ తిరిగివ్వని తాళంచెవి ఇంకా అతని దగ్గరే ఉంది.

మర్నాడు అందరూ భోజనానికి వెళ్లినప్పుడు బీరువా తెరిచాడు. రీలు కోటు లోపల దోపుకుని తిరిగేసరికి గుమ్మంలో జూలియన్.

“అది అక్కడ పెట్టెయ్ సిరిల్.”

“చెమటలు పడుతున్నాయా దొరగారికి?”

“నీ మంచికే చెప్తున్నా. దాన్ని వినకు.”

“నా మంచి నువ్వు చూడాలా? నా పెళ్లాన్ని కుంటిదాన్ని చేసినవాడివి!”

“నన్నేమైనా అనుకో. నలభై అయిదేళ్లు పడ్డాను, ఇంకో నాలుగేళ్లు పడతాను. అది మాత్రం వినకు.”

“నేనొక్కణ్ణే కాదు, ఊరంతా వింటుంది” అన్నాడు సిరిల్, అతన్ని భుజంతో నెట్టుకుంటూ.

రెండింటికి అందరూ స్టేజి మీద చేరారు. నటులు, కెమెరా వాళ్లు, వయొలిన్ల వాళ్లు, నలభై మంది దాకా ఉంటారు. సౌండు చూసే గ్రెగ్ చేతిలో సిరిల్ రీలు పెట్టాడు.

“ఇమొజెన్ వెయ్యమంది. గట్టిగా.”

“ఆమె చెప్పిందా, మీరు చెప్తున్నారా?”

“వెయ్యవయ్యా!”

పెద్ద స్పీకర్‌లో ముందు గరగర. తర్వాత పియానో. కప్పులు సాసర్లకి తగిలిన చప్పుడు. ఎవరో ఆడపిల్లలు నవ్వారు. ఇమొజెన్ లేచి నిలబడింది, కానీ ఆపమనలేదు. సిరిల్ జూలియన్‌నే చూస్తున్నాడు. ఈ క్షణం కోసమే ఇన్నాళ్లూ బతికాడు.

ఈల వినపడింది. ఒక్కటే, పొడుగ్గా, చివర్లో కాస్త పైకి మెలి తిరిగి. ఆ వెంటనే కొయ్య విరిగిన చప్పుడు, కేక.

గ్రెగ్ ఆపేశాడు. నలభై జతల కళ్లు జూలియన్ వైపు తిరిగాయి. ఆనాటిలాగే అతను తల దించుకున్నాడు.

సిరిల్ కుర్చీ కింద ఏదో కదిలింది. బెస్ లేచింది. తోక ఊపుకుంటూ స్టేజికి అడ్డంగా పరుగెత్తి, స్పీకర్ ముందు కూర్చుని, చెవులు నిక్కబొడుచుకుని చూసింది. సాయంత్రం నాలుగింటికి, డోరీన్ టీకి పిలిచినప్పుడు, వంటింటి గుమ్మం వైపు చూసినట్టు.

ఇమొజెన్‌కి నవ్వొచ్చింది. “ఎవరో దీనికి తెలిసినట్టుందే! ఎవరిది సిరిల్, ఆ ఈల?”

సిరిల్ వెళ్లి కుక్క మెడకి పట్టీ తగిలించాడు. అది రాలేదు. ఎత్తుకున్నాడు. జూలియన్ పక్కనుంచి వెళ్తూ ఆగాడు గానీ, అతని మొహం చూడలేదు.

“ఆ ఈల గురించి నన్నింకెప్పుడూ అడగొద్దు” అన్నాడు ఇమొజెన్‌తో.