పదమూడో నిబంధన

“సమావేశాల పుస్తకాలు పదకొండే ఉన్నాయి. మొదటి పుస్తకం ఏదక్కా?” అంది లైబ్రేరియన్.

కార్యదర్శి విత్తనాల డబ్బాల వెనక్కి చెయ్యి పోనిచ్చి, అట్ట ఊడిన పుస్తకాన్ని అయిష్టంగానే బయటికి తీసింది.

“ఇందులో ఏముందమ్మాయ్! ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, అంతే.”

“చరిత్రంటే అదే కదక్కా,” అంటూ లైబ్రేరియన్ అందుకుంది. సంఘంలో చేరి రెండు నెలలే అయినా, చరిత్ర రాయమని అడగ్గానే ఒప్పుకున్న మనిషి.

మహిళల తోటపని సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. అందులో పాతికేళ్లుగా కార్యదర్శి ఒక్కరే. విత్తనాల గది తాళాలు ఆమె నడుముకే వేలాడతాయి. అరువుకెళ్లిన పార ఎవరింట్లో ఉందో, ఎవరి బెండకు పురుగు పట్టిందో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో అన్నీ ఆమెకే తెలియాలి. ఇన్ని తెలిసిన మనిషి డాబా మీద ఉన్నవి తొమ్మిది ఖాళీ కుండీలు. “మనింట్లో తోటల సంఘం ఉంది, తోటే లేదు,” అంటాడు భర్త. ఆ మాటకు ఆమె నవ్వడం మానేసి చాలా ఏళ్లయింది.

కారణం ఆ మొదటి పుస్తకంలోనే ఉంది. పదమూడో నిబంధన: సంఘం చరిత్ర రాసినామే కార్యదర్శి, మళ్లీ ఇంకొకరు రాసేదాకా ఆమే. పాతికేళ్ల సంబరానికి సరదాపడి నాలుగు పేజీలు రాసినప్పుడు ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. రాజీనామా ఇచ్చినప్పుడల్లా ప్రెసిడెంటు ఆ నిబంధన చదివి వినిపించి, టీ ఇప్పించి పంపేది.

అందుకే ఇప్పుడు తనూ చెప్పలేదు. ఆ పేజీని పక్క పేజీతో కలిపి ముందే గుండుసూది గుచ్చేసింది.

లైబ్రేరియన్ నెల రోజులపాటు రోజూ మధ్యాహ్నం వచ్చింది. విత్తనాల గదిలో బస్తా మీద కూర్చుని చదివేది. లేచేటప్పుడు ఆ రోజు బస్సు టికెట్టును పేజీలో గుర్తుగా పెట్టి పుస్తకం మూసేది.

“అక్కా, ఇది వినండి. ‘రైతు సంఘం వారు మమ్మల్ని సమావేశానికి పిలిచారు, టీ అందించడానికి. అందించి, తలుపు పక్కనే నిలబడి ఎరువుల సంగతంతా విన్నాం. బయటికొచ్చి మా సంఘం పెట్టుకున్నాం.’”

“ఆ టీ ఎలా ఉందో రాయలేదూ?”

“రాశారు. కావాలనే చక్కెర వెయ్యలేదట.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

“ఇంతసేపు ఇక్కడే ఉంటావు, ఇంట్లో ఏమీ అనరా?”

“అననివ్వండి. సాయంత్రం గంటసేపు నా మొక్కల దగ్గర కూర్చుంటే అన్నీ మర్చిపోతాను. ఆ గంట మాత్రం ఎవరికీ ఇవ్వనక్కా.”

కార్యదర్శి మొదటి పుస్తకం వైపు చూసింది. సూది సంగతి చెప్పేద్దామా అనుకుంది. కుండీలు గుర్తొచ్చి ఊరుకుంది.

“ఇక మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. మీ నోట వింటేనే బాగుంటుంది,” అంది లైబ్రేరియన్.

కార్యదర్శి పాతికేళ్లూ పూసగుచ్చినట్టు చెప్పింది. దిగిపోయేముందు అన్నీ అప్పగిస్తున్నట్టే అనిపించింది.

సంబరం రోజున ఆమె కుర్చీ కింద ఆరు టమాటా మొక్కల నారు ఉంది. నడుముకున్న తాళాలు తీసి బల్ల మీద పెడితే, ఒళ్లు తేలికైనట్టనిపించింది. ప్రెసిడెంటు కళ్లజోడు సవరించుకుని, కొత్త పుస్తకం అట్ట చదివింది.

“మన సంఘం చరిత్ర. రచన...”

చదివిన పేరు కార్యదర్శిది. హాలంతా చప్పట్లు.

“ఇదేంటమ్మాయ్!” అంది కార్యదర్శి.

“మాటలన్నీ మీవే కదక్కా. నేను కాగితం మీద ఎక్కించి పెట్టానంతే.”

“పదమూడో నిబంధన గుర్తుందిగా?” అంటూ ప్రెసిడెంటు తాళాల గుత్తి తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

“ఆ నారు వాడిపోతోందక్కా. మీకెలాగూ తీరదు, నేను తీసుకెళ్లనా?” అంది లైబ్రేరియన్.

అందరూ వెళ్లాక కార్యదర్శి విత్తనాల గది తెరిచింది. పాపం, అభిమానంకొద్దీ చేసింది, దానికేం తెలుసు అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మొదటి పుస్తకం తీసింది. గుండుసూది పెట్టినచోటే ఉంది. లాగి, పేజీలు విడదీసింది. పదమూడో నిబంధన మీద ఒక బస్సు టికెట్టు ఉంది.

దాని మీద తేదీ, లైబ్రేరియన్ వచ్చిన మొదటి రోజుది.