ఫిన్‌టన్ కుడిచెయ్యి

మార్చి నెలలో నా కుడిచెయ్యి నన్నడక్కుండా సెలవు పెట్టేసింది.

భుజం నుంచి మణికట్టు దాకా బాగానే ఉంటుంది. అక్కణ్ణుంచి కిందకి మాత్రం చల్లగా, మొద్దుబారి, ఎవరి చెయ్యో తెచ్చి నాకు అతికించినట్టు ఉంటుంది. ఎడంచేత్తో టీ తాగడం నేర్చుకున్నాను. ఎడంచేత్తో గొర్రెకి మందు పట్టబోతే అది నావైపు ఓ చూపు చూసింది. చిన్నప్పుడు లెక్కల మాస్టారు కూడా నన్నంత చులకనగా చూడలేదు.

వాకిట్లోకొచ్చిన వాళ్లని జలుబనో, గొర్రెలు ఈనుతున్నాయనో చెప్పి పంపేసేవాణ్ణి. ఎన్నాళ్లని చెబుతాం? జూన్‌లో కూడా గొర్రెలు ఈనుతున్నాయంటే ఐర్లండ్‌లో మా స్లైగో వైపు పసిపిల్లలు కూడా నమ్మరు.

పట్నం ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. నరాలు పరీక్షించారు. ఏ లోపమూ లేదన్నారు.

మా డాక్టరు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "చూడు ఫిన్‌టన్, నీ బాధ అబద్ధం కాదు. కాకపోతే అది చేతిలో మొదలవలేదు. మన హెల్త్ సెంటర్‌కి డబ్లిన్ నుంచి ఓర్లా అనే అమ్మాయి వస్తోంది. మనసులో ఉన్నది మాట్లాడిస్తుంది. వెళ్లిరా."

"చెయ్యి పడిపోతే నోటికి వైద్యమా?"

"అది నీకు నేను చెప్పాలా?" అన్నాడాయన.

నన్నక్కడ ఎవరైనా చూస్తే ఊళ్లో నా పని అయిపోయినట్టే. అందుకని కారు చర్చి వెనక ఆపి, టోపీ కళ్ల మీదకి లాక్కుని, వానలో పొలాలకి అడ్డంపడి వెళ్లాను. దొంగతనానికి వెళ్లేవాడు కూడా అంత జాగ్రత్త పడడు. తీరా లోపల అడుగుపెడితే ఎదురుగా మా ఊరి బ్రైడీ. ఆవిడ చెవిలో పడితే సాయంత్రానికి ఊరంతా చేరుతుంది.

"ఏవయ్యా ఫిన్‌టన్! నువ్వా?"

"బీపీ చూపించుకుందామని."

"బీపీ గది ఇటు. నువ్వు నిలబడింది మాటల డాక్టరమ్మ గుమ్మం ముందు." నవ్వాపుకోలేక చేతిసంచీ నోటికడ్డం పెట్టుకుంది. "నువ్వే ఇక్కడికొస్తే ఇంక మేమంతా ఎక్కడికి పోవాలయ్యా?"

"చర్చికి పో" అన్నాను.

ఓర్లా చిన్నపిల్ల. ఎడమవైపు చూడాలంటే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. నాకు టీ ఇచ్చి, కుర్చీని కిటికీ వైపు తిప్పి కూర్చోమంది. ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేకపోతే మాట తేలిగ్గా వస్తుంది. పని తెలిసిన పిల్లే అనుకున్నాను. పైకి మాత్రం "ఊఁ" అన్నాను.

ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి అని అడిగింది. తర్వాత ఊరుకుంది. ఆ ఊరుకోవడం మహా చెడ్డది. మొదటిసారి నేను వాన గురించి చెప్పాను. ఆ తర్వాతి వారం ఆ వాన ఇంకా తగ్గకపోవడం గురించి చెప్పాను. వచ్చేటప్పుడు థాంక్స్ మాత్రం చెప్పలేదు. కొన్ని పనులకి అది చెప్పకూడదు, చెబితే చేసిన పని చెడుతుందని మా ఇంట్లో నేర్పారు. ఆ అమ్మాయి నన్ను వట్టి మొరటువాడనుకుని ఉంటుంది. అనుకున్నా తప్పేం లేదు.

ఆ పై వారం అడిగింది. "బాగున్నప్పుడు ఆ చేత్తో చివరగా ఏం చేశారు?"

వాన గురించి చెబుదామనుకున్నాను. బయట ఎండ కాస్తోంది.

"మార్చిలో మా అక్క పోయింది. ఊనా. నడుం ఎముకలో క్యాన్సర్. ఈ చెయ్యి తన నడుం మీద పెట్టుకుని కూర్చున్నాను. రాత్రనక పగలనక. ఏమీ కాలేదు."

"ఏమవ్వాలనుకున్నారు?"

ఎంత తెలివితక్కువ ప్రశ్న! జవాబిద్దామని నోరు తెరిచాను. వచ్చింది మాట కాదు. అంత లావు మనిషిని, దూడలా బావురుమన్నాను. పక్క గదిలో బ్రైడీ ఉంటే ఆవిడ బీపీ పెరిగే ఉంటుంది.

ఓర్లా తొందరపెట్టలేదు. నేను ముక్కు చీదుకున్నాక, "అక్కగారు ఏమైనా అన్నారా?" అంది.

"‘తియ్యకురా, వెచ్చగా ఉంది’ అంది."

"మరి ఏమీ కాలేదంటారేం?"

చల్లారిపోయిన టీ ఆఖరి గుక్క తాగి కప్పు బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి కప్పు వైపే చూస్తోంది. నేనూ చూశాను.

కప్పు పట్టుకున్నది కుడిచెయ్యి.

అప్పుడు కూడా థాంక్స్ చెప్పలేదు. నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

శనివారం పొద్దున పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే ఓర్లా. కారు చర్చి వెనక ఆపి పొలాలకి అడ్డంపడి వచ్చిందని ఆమె బూట్లే చెబుతున్నాయి.

"ఏంటమ్మా, నా చెయ్యి ఎలా ఉందో చూడ్డానికొచ్చావా?"

కాదని తల ఊపబోయి, "అబ్బా" అని మెడ పట్టుకుంది. ఎవరైనా చూశారేమోనని మనిషంతా వెనక్కి తిరిగి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"బ్రైడీ చెప్పిందండీ, ఈ చుట్టుపక్కల ఎవరికి మెడ పట్టేసినా నడుం పట్టేసినా మీ తాతగారి కాలం నుంచీ మీ ఇంటికే వస్తారట, మీ కుడిచెయ్యి పడితేనే వదులుతుందట, వెళ్లేటప్పుడు మాత్రం థాంక్స్ చెప్పకూడదట."