నీలి అంచు గిన్నెలు

ఆ రోజు కాక్స్ టౌన్‌లోని ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. వంటింటి గుమ్మంలో కూర్చున్న సరోజమ్మ, పెరట్లో చెట్లకు నీళ్ళు పోస్తున్న ఆమె భర్త గోపాలప్ప. ఇద్దరికీ అరవై దాటాయి. మోసం చేయడానికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదనుకుంటూ మునిలక్ష్మి కుండల బుట్ట దించింది.

హొసకోటె నుంచి కుండలు తెచ్చి అమ్మడం ఆమె పైకి చెప్పుకునే పని. అసలు పని పాత ఎనామెల్ గిన్నెలు కాజేయడం. పాతసామాన్ల వ్యాపారి ఇస్సాకు నీలి అంచు గిన్నెల కోసం పడి చస్తున్నాడు. మూతలతో సహా పూర్తి సెట్టు ఒక్కటి తెచ్చిస్తే తన అంగడి ముందు జాగా ఇస్తానన్నాడు. అక్కడ కూర్చుని కుండలు అమ్ముకోవచ్చు. పదిహేనేళ్ళుగా బుట్ట మోసి వంగిపోయిన మెడకు ఇక విశ్రాంతి.

ఇక్కడ అలమారలో ఏడు గిన్నెలు, ఏడు మూతలు మిలమిల మెరుస్తున్నాయి.

"ఎప్పటివమ్మా ఇవి?"

"పాతకాలం నుంచీ ఈ ఇంట్లో ఉండేవే. సుమ్నే, ఊరికే పడుండాయి," అంది సరోజమ్మ.

మునిలక్ష్మి అన్నిటికన్నా చిన్న గిన్నె చేతిలోకి తీసుకుంది. వేలికున్న ఇనుప ఉంగరంతో అంచు మీద ఒక్క పోటు పొడిచింది. పెచ్చు ఊడి లోపలి నల్లటి రేకు బయటపడింది.

"చూడమ్మా, పెచ్చులు లేస్తుండాయి. ఈ గాజు పొడి కూరలో కలిస్తే పేగులేం కావాల? ఒకటి ఊడిందంటే మిగతావీ ఊడుతాయి. ఇవన్నీ ఇచ్చెయ్, రెండు మంచి కుండలిస్తా."

"అయ్యో, ఇన్నాళ్ళూ ఎవురూ చెప్పలేదు గదా," అని సరోజమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

మునిలక్ష్మికి లోలోపల నవ్వాగలేదు. నిన్నటిదాకా మట్టికుండను చీదరించుకున్న వాళ్ళే, టీవీలో ఎవరో డాక్టరు చెప్పగానే దానికి దండం పెడుతున్నారు. చదువులు, మేడలు, బుర్రలో మాత్రం గుజ్జు లేదు.

"కొట్టి చూసుకోమ్మా. ఖంగుమనాల. బొదబొదమంటే బీట ఉన్నట్టే. ఒక దినమంతా నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి, ఆ తర్వాతే పొయ్యెక్కించు. సబ్బు తగలనీకు, మట్టి తాగేస్తుంది. కొబ్బరి పీచుతో తోమి ఎండబెడితే చాలు."

సరోజమ్మ రెండు కుండలనూ తట్టి చూసింది. బేరమాడలేదు. "నానబెట్టు పోప్పా," అని భర్తకు అందించింది. ఆయన వాటిని చంకన పెట్టుకుని పెరటి గేటు తెరుచుకుని వెళ్ళాడు.

"ఎండన పడొచ్చినావు, మజ్జిగ తాగి పో." గ్లాసు కోసం సరోజమ్మ మూడు అరలు వెతికింది. సొంత వంటింట్లో గ్లాసు ఎక్కడుందో తెలియని ఆడది. పనిమనుషుల మీద బతికే బతుకులింతే అనుకుంది మునిలక్ష్మి. మధ్యలో రెండుసార్లు సరోజమ్మ గడియారం వైపు చూసింది. సీరియల్ వేళ అయినట్టుంది.

గిన్నెలను గుడ్డలో చుట్టి బుట్టలో సర్దడానికి సరోజమ్మే సాయం పట్టింది. గేటు దాకా వచ్చింది కూడా.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. పెట్టెతో దిగిన నడివయసు మనిషి, బుట్టలో గుడ్డ తొలగి కనిపిస్తున్న నీలి అంచులు చూసి నిలబడిపోయింది.

"ఇవి మా అమ్మ గిన్నెలు. నీ దగ్గరకెట్లా వచ్చాయి?"

కోడలో, కూతురో అనుకుని మునిలక్ష్మి సరోజమ్మ వైపు తిరిగింది. ఆ అమాయకపు ముఖం మీద చిన్న ముడత కూడా కదల్లేదు.

"మంచి వేళకు వచ్చినావు మార్తా. నువ్వు ఊరెళ్ళిన పది దినాలూ మీ చెట్లకు మేమే నీళ్ళు పోస్తుంటిమి గదా. ఈ దినం నువ్విచ్చిన తాళంచెవితో తలుపు తీసి అట్లా పెరట్లోకి పోయినామో లేదో, ఈమె లోపల దూరిండాది. లోపల ఇంకేం పోయినాయో చూసుకోమ్మా."

మార్త లోపలికి పరుగెత్తింది. క్షణంలో గొంతు వినిపించింది. "బీరువాలో వెండి సామాను లేదు. మొత్తం పోయింది. ఆటో అన్నా, ఆమెను వదలొద్దు."

సరోజమ్మ నెమ్మదిగా పక్కనే ఉన్న తన ఇంటి మెట్లెక్కుతోంది. పైన గోపాలప్ప బకెట్లో కుండలు నానబెడుతున్నాడు. మునిలక్ష్మి వెనకే పరుగెత్తి గుమ్మం పట్టుకుంది.

"అమ్మా, నువ్వే ఇచ్చినావని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

సరోజమ్మ ఆమెకు మాత్రమే వినపడేటట్టు, మజ్జిగ ఇచ్చినప్పటంత మెత్తగా అంది.

"వెండి తీసి ఎనిమిది దినాలాయ. దొంగే దొరక్క అల్లాడుతుంటిమి," అని తలుపు మూసింది.