అర్ధగంట ఆట

ఎనభై ఎనిమిదిలో కొత్తవాడలో వీడియో గేముల దుకాణం తెరిచారు. పిల్లలు చెడిపోతున్నారని తల్లిదండ్రులంతా గోల పెడితే, సుందర్ రావు సారు బడి మీటింగులో ధైర్యంగా చెప్పారు.

"ఆట వద్దనకండి. రోజూ అర్ధగంట ఆడనివ్వండి. వెంట ఇంట్లోవాళ్లు ఒకరు వెళ్తే చాలు."

నెల తిరక్కుండానే, ఆయన తరగతి పిల్లవాడి తల్లి సోమక్క ఏడుస్తూ వచ్చింది.

"మీ మాట వినే పంపిన సారూ. ఇప్పుడు పొద్దంత అక్కడ్నే ఉంటాండు. అన్నానికి పిలిచినా వస్తలేడు. జర మీరన్న భయం చెప్పుండ్రి."

సారుకు తల కొట్టేసినట్టయింది. "ఉండమ్మా, మీవాణ్ని పిలుస్తా" అంటూ తరగతి వైపు తిరిగారు.

"వాడెందుకు సారూ? వాడు అర్ధగంట కాంగనే ఇంటికొచ్చి చదువుకుంటాండు. వాని నాయినే లేస్తలేడు. జంపఖానా మగ్గం మీద సగంల ఆగింది."

ఆ తండ్రి కూడా ఒకప్పుడు సారు శిష్యుడే. తన మాట కాదనడన్న నమ్మకంతో సారు దుకాణానికి వెళ్లి అతని భుజం తట్టారు.

అతను తెర మీంచి చూపు తిప్పలేదు.

"బళ్లె గోటీలాడితే గుంజుకుంటిరి సారూ. ఇప్పుడన్న ఆడనియ్యుండ్రి."