రెండో నాణెం

"ఆంటీకి మంచిదొకటి చూపించు," అన్నాడు లోకేష్, భార్య భుజం గట్టిగా నొక్కుతూ.

దేదీప్య అతని పాత నాణేల పెట్టెలోంచి, వారం నుంచీ మనసులో ఎంచిపెట్టుకున్న రోమన్ వెండి నాణెం తీసి, అమెరికాలోని నేపర్‌విల్ గుడిలో పరిచయమైన వసంతలక్ష్మికి ఇచ్చింది.

"నాణెం మీద ఎవరీవిడ? చేతులు వెనక్కి కట్టేశారు!"

"ఓడిపోయిన దేశం, ఆంటీ. దేశాన్ని ఆడమనిషిగా చెక్కేవాళ్లు," లోకేష్ నవ్వాడు.

దేదీప్య గాజులు కాస్త పైకి జరిపింది. కమిలిన మణికట్టును లోకేష్ కంట పడకుండా ఆంటీ వైపు తిప్పింది.

వసంతలక్ష్మి చూసింది. పెట్టెలోంచి ఇంకో నాణెం తీసింది. "మరి ఇదో?"

"మోకాళ్ల మీదున్న దేశాన్ని చక్రవర్తి చెయ్యిచ్చి లేపుతున్నాడు," అన్నాడు లోకేష్.

దాన్ని వసంతలక్ష్మి దేదీప్య అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "కార్‌లో గోంగూర ఉంది. రామ్మా, ఇస్తాను."

"నేను తెస్తాలెండి."

"నువ్వు కూర్చో నాయనా."

ఆమె వెంట గుమ్మం దాటుతూ దేదీప్య చెప్పుల కోసం కూడా చూడలేదు.