దక్షిణపు గాలి

"మా దీవిలో చలికాలపు మౌనం బాగుందా, దొరగారూ?" ఫోతినీ తన కొట్లో కూర్చున్న పరదేశి ముందు కాఫీ విసురుగా పెట్టింది.

"బాగుంది. కానీ ఇవాళ పడవ తప్పితే మళ్ళీ వారందాకా లేదు కదా," అన్నాడు యోస్ట్, సంచి సర్దుకుంటూ.

"అప్పుడే బెంబేలా! మీ ముచ్చటంతా పది రోజులే. రేవు ఎదురుగానే ఉందిగా, కూర్చోండి."

దక్షిణపు గాలి వీచిన రోజున పడవ కొండ వెనక రేవుకి వెళ్తుందని దీవివాళ్ళకే తెలుసు. పొద్దుటినుంచీ వీస్తున్నది ఆ గాలే.

కొండ అవతల ఓడ కూత వినబడింది.

"అదేనా?" యోస్ట్ లేచాడు.

"అది దీవికి మంచినీళ్ళు తెచ్చే ఓడ, అంతే."

ఎందుకలా అన్నదో ఆమెకే ఒక్క క్షణం అర్థంకాలేదు. నవంబరు తర్వాత ఈ కొట్లోకి వచ్చి కూర్చున్న మనిషి ఇతనొక్కడే.

"వెర్రిబాగులవాడు," అనుకుంది. కూత దూరమయ్యాక రెండో కాఫీ తెచ్చి, మొదటిసారి అతని ఎదుట కూర్చుంది.