రొయ్యపిల్ల చూపు

ఆ రాత్రి ముత్తుకూరు దగ్గరి రొయ్యల ల్యాబులో సుప్రియ ఒక్కతే ఉంది. మైనంలో పెట్టిన రొయ్యపిల్లను తల నుంచి తోక దాకా నిలువునా రెండు వందల పొరలుగా కోసి, ఆ ఫొటోలను కంప్యూటర్లో వరసగా పేర్చి నిండు బొమ్మ తయారుచేస్తోంది. లోపల తెగులు లేదని తేలితేనే భర్త హరినాథ్ తమ రొయ్యల గుంటలో మిగతా పిల్లల్ని వదలాలి.

ప్రతి ఫొటోలోనూ తల ఎడమకే ఉంది. బొమ్మలో మాత్రం తల ఆమె వైపు తిరిగింది. ఏదో పొర తిరగబడిందనుకుని అన్నీ సరిచూసి మళ్ళీ పేర్చింది. మళ్ళీ అంతే. ప్రాణిని కోసిన పాపమా అనుకుంటూ కామాక్షమ్మ తల్లికి దండం పెట్టుకుని, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని ఇంకోసారి పేర్చింది. ఈసారి తల కిటికీ వైపు, ఆమె ఉన్న చోటికే తిరిగింది.

ఫోను మోగింది. హరినాథ్ పేరు చూసి ఎత్తగానే అరిచింది.

"పిల్లల్ని వదలొద్దండీ!"

"నీ రిపోర్టు వచ్చేలోపల అవి ముసలివైపోతాయి. పిల్లల్ని తెచ్చిన సంచుల్లో గాలి అయిపోతా ఉంటే వదిలేసినా," అని నవ్వాడు హరినాథ్. అంతలోనే గొంతు తగ్గించాడు. "టార్చి వేసి చూస్తా ఉండా. ఒక్కటీ కదలడంలే. అన్నీ ఒకే వైపు తిరిగి ఉండాయి."

"ఏ వైపండీ?"

"మీ ల్యాబు లైటు కనపడతా ఉందే, ఆ వైపు."

సుప్రియ చెయ్యి చాచి లైటు ఆర్పింది. చీకట్లో తెర మాత్రం వెలుగుతూనే ఉంది.